మద్దమ్మవ్వ బీగంచెవులు

మైకు ఇస్తామని చెప్పిన రోజు నుంచి రమణికి కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి ముందు కూర్చున్నా అదే ధ్యాస, కొళాయి కింద బిందె పెట్టినా అదే ధ్యాస. ఊరి పెద్ద వీరభద్ర సభలో చదవమని పంపిన కాగితాన్ని మడిచి రవికెలో దోపుకుంది. మనుషులు లేనప్పుడు తీసి పైకి చదువుతోంది, ఉన్నప్పుడు తీయకుండానే లోపల చదువుతోంది. మొగుడు చిన్న ఈరన్న నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. అయిదో రోజు సంగటి ముద్ద నోటి దగ్గర ఆపి, "ఏమే, ఆ మాటలు నాగ్గూడా నోటికొచ్చినాయి. నేను పోయి చెప్పేదా?" అన్నాడు.

"నువ్వు చెప్తే మైకు పారిపోతాది," అంది రమణి.

బూదిగుట్ట ఆదోనికి పడమర ఉన్న ఊరు. రెండు వందల గడప. ఇంకో రెండు ఊళ్లు దాటితే కన్నడ మాట వినిపిస్తుంది. రమణి ఈడు ఆడవాళ్లలో పదో తరగతి దాకా చదివినవాళ్లు ఊరంతటికీ ఇద్దరే. ఆ రెండో ఆవిడకు పదిమందిలో నోరు పెగలదు. రమణికి ఆ ఇబ్బంది పుట్టినప్పటి నుంచీ లేదు. పొదుపు సంఘం లీడరు, గొంతు ఎత్తిందంటే రెండు సందుల అవతల ఎద్దు కూడా చెవులు నిక్కిస్తుంది. అలాంటి మనిషికి సబ్ కలెక్టరమ్మ ముందు, టెంటు కింద, పూలదండల మధ్య మాట్లాడే అవకాశం వస్తే సంబరం ఉండదా మరి?

కాగితంలోని మాటలు కూడా అలాంటివే. "వలసల ఊరని పేరుబడ్డ మా బూదిగుట్ట నేడు వలస రహిత గ్రామంగా సగర్వంగా తలెత్తి నిలబడింది." సగర్వంగా అన్న దగ్గర గొంతు కాస్త పెంచాలని, తలెత్తి అన్న దగ్గర నిజంగానే తలెత్తాలని రమణి తనకు తానే నేర్చుకుంది.

ఆ మాటల పుట్టుక వేరే ఉంది. మొన్న ఎండాకాలం ఒక పెద్ద నాయకుడు కర్నూలు సభలో చెయ్యెత్తి, మా పాలనలో వలస అన్న మాటే లేదు అన్నాడు. చప్పట్లు మోగాయి. చప్పట్లతో పోవలసిన మాట అది. కానీ కింద ఉన్న ఆఫీసులు దాన్ని ఆజ్ఞగా తీసుకున్నాయి. మర్నాటి నుంచి ఫైళ్లలో ఆ మాట కనపడకుండా పోయింది. దాని జాగాలో 'స్వచ్ఛంద ఉపాధి ప్రయాణం' అన్నది వచ్చి కూర్చుంది. వింటుంటే ఏదో తీర్థయాత్ర లాగా లేదూ! ఇక ఊళ్లో పెద్దరికం చేసే వీరభద్రకు, వలస లేని మొదటి ఊరు మనదే ఎందుకు కాకూడదు అన్న ఆలోచన రావడానికి వారం కూడా పట్టలేదు.

నిజం చెప్పాలంటే ఊరికి కూడా ఆ మాటంటే పడదు. రమణికి మరీ పడదు. వాళ్ల అవ్వ చెప్పిన కరువు కథల్లో వలస అంటే ఎద్దుల్ని విప్పి వదిలేసి, పొయ్యి ఆర్పేసి, తిరిగి రాకుండా పోవడం. వీళ్లు పోయేది సుగ్గికి. సుగ్గి అంటే పంట కోత. ఏటేటా ఇక్కడి చేలు ఎండిపోగానే గుంటూరు పక్కకు పోతారు, పత్తి తీస్తారు, మిరపకాయలు కోస్తారు, ఉగాదికి మిరపకాయల మూటతో తిరిగొస్తారు. ఊరు విడిచి పోయేది పని కోసం, తిరిగొచ్చేది తమ గడపకే. దీన్ని వలస అంటే రమణికి ఒళ్లు మండుతుంది.

అందుకే శ్రావణంలో సర్వే చేసే అమ్మాయి ట్యాబు పట్టుకొచ్చి, "మీరు వలస వెళ్తారా అక్కా?" అని అడిగినప్పుడు ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"వలస పొయ్యేంత గతిలేనోళ్లమా మేము? పోము. రాసుకో పాపా," అంది.

ఆ అమ్మాయి హాయిగా ఊపిరి పీల్చుకుంది. పోము అంటే ఆమెకు ఒక్క ప్రశ్నతో సరి, పోతాం అంటే ఇంకో ఇరవై మూడు ప్రశ్నలున్నాయి. రమణి అక్కడితో ఆగిందా? ఆ అమ్మాయి వెంటే సందంతా తిరిగి, "గట్టిగా చెప్పండక్కా, మనం వలసోళ్లం కాదని!" అని ఇంటింటికీ ఎగదోసి మరీ వచ్చింది.

ఊరిని వలస రహిత గ్రామంగా ప్రకటించే గ్రామసభకు ముందు రోజు సాయంత్రం కూతురు శివజ్యోతి బడి నుంచి వచ్చి పుస్తకాల సంచిని దించకుండా గడపలోనే నిలబడింది. పదో తరగతి పిల్ల. లెక్కల్లో మండలం మొత్తానికి రెండో మార్కు. అమ్మకున్నంత నోరు లేదు గానీ, అమ్మకు లేని పట్టుదల ఉంది.

"అమ్మా, ఈసారి హాస్టల్ లేదంట."

"ఆలస్యమైతాండాదిలే. ఏటా అంతే గదా."

"ఆలస్యం కాదంట. అసలు లేదంట."

ఏటా దసరా దాటగానే బడిలోనే రెండు గదుల్లో సీజనల్ హాస్టల్ తెరుస్తారు. అమ్మానాన్నలు సుగ్గికి పోయిన పిల్లలు అక్కడే తిని అక్కడే పడుకుని చదువుకుంటారు. అదే లేకపోతే పదిహేనేళ్ల ఆడపిల్లను ఒంటరి ఇంట్లో నాలుగు నెలలు వదిలి ఏ తల్లి పోతుంది? వెంట తీసుకుపోవాలి. మార్చిలో పరీక్షలు జరిగే రోజుల్లో శివజ్యోతి మిరప చేలో వంగి ఉంటుంది. రమణి పొయ్యి మీది ఎసరు అలాగే వదిలేసి బడికి పరుగెత్తింది.

హెడ్మాస్టరు జ్ఞానరాజు సార్ గదికి తాళం వేయబోతున్నాడు. ఆమెను చూసి మళ్లీ లోపలికి నడిచి, బీరువాలోంచి ఒక కాగితం తీశాడు.

"చూడమ్మా. మన ఊరి పేరుకు ఎదురుగా వలస కుటుంబాలు లేవు అని ఉండాది. లేనోళ్ల పిల్లలకు హాస్టల్ ఎట్లిస్తారు?"

"లేరని ఎవురు చెప్పినారు సార్? ఆ మాట చెప్పినోళ్ల నోరు పడిపోను!"

జ్ఞానరాజు సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు ఆ మాట చెప్పడం ఇష్టం లేదు, అయినా చెప్పాడు.

"మీరే చెప్పినారమ్మా. సర్వేలో. నూటా ఎనబై ఎనిమిది ఇండ్లు వలస పోము అని చెప్పినాయి. జాబితాలో మొదటి పేరు నీదే."

తన ఇంటి సంగతి ఒక్కటే అయితే రమణి ఎలాగో దిగమింగుకునేది. సందంతా తిరిగి చెప్పించింది కదా! నలబై మంది పిల్లల అన్నం, పడక, చదువు తన నోటితో తానే తీసేసినట్టయింది. ఏడుపు వచ్చింది, దానికంటే ముందు కోపం వచ్చింది. ఆ కోపం తీర్చుకోవడానికి నేరుగా వీరభద్ర ఇంటికి నడిచింది.

వీరభద్ర వాకిట్లో కుర్చీ వేసుకుని బోర్డుకు గులాబి రంగు గుడ్డ చుట్టిస్తున్నాడు. తెల్లటి రేకు మీద ఎర్రటి అక్షరాలు, 'బూదిగుట్ట: వలస రహిత గ్రామం'. రమణి చెప్పిందంతా విని నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆపదలో పదిమందికి సాయపడ్డవాడే. కాకపోతే ఆ బోర్డు మీద తన పేరు కూడా ఉంది, కింద, కొంచెం చిన్న అక్షరాల్లో.

"చెల్లెమ్మా, రేపు కాగితం చక్కగా చదువు. తర్వాత హాస్టల్ సంగతి నేను మాట్లాడ్తాలే."

"తర్వాత యాడ మాట్లాడ్తావు అన్నా? బోర్డు నాటినాక వలసోళ్ల పిల్లలకి హాస్టల్ ఇయ్యండి అని ఏ మొగంతో అడుగుతావు?"

"అదే గదా నేను చెప్తాండేది. వలస లేని ఊర్లో వలసోళ్ల హాస్టల్ అడిగితే నవ్వుతారమ్మా," అన్నాడు వీరభద్ర. అనేశాక తనేమన్నాడో తనకే తెలిసి, గుడ్డ చుట్టేవాడి మీద విసుక్కున్నాడు.

తిరిగొచ్చే దారిలో మద్దమ్మవ్వ అరుగు ఉంది. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. సుగ్గికి పోయేవాళ్లు ఇంటికి బీగం వేసి, బీగంచెవి, అదే తాళంచెవి, తెచ్చి మద్దమ్మవ్వ చేతికిస్తారు. ఏ చెవి ఎవరిదో తెలిసేలా ఆ ఇంటి ఆడమనిషి చీర పీలిక చించి దానికి కడుతుంది. మద్దమ్మవ్వకు చదువు రాదు, చూపు సగమే ఆనుతుంది. అయినా పీలికను వేళ్ల మధ్య నలిపి ఎవరిదో చెప్పేస్తుంది. ముప్పై ఏళ్లలో ఒక్క చెవి తప్పిపోలేదు. దసరాకు మొదటి విడత పోయిన వాళ్ల చెవులన్నీ అరుగు మీద పెద్ద సత్తు దబరలో ఉన్నాయి.

"ఏమ్మా రమణీ, ఎల్లుండి గదా మీ పయనం? బీగంచెవి ఇచ్చేదానికి వచ్చినావా?" అంది అవ్వ, అడుగుల చప్పుడు గుర్తుపట్టి.

రమణి దబరలోకి చూస్తోంది. నిండుగా ఉంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పీలికలు. ఆమె వంగి గుప్పెడు చెవులు చేతిలోకి తీసుకుంది.

"అవ్వా, ఎన్నుండాయి ఇందులో?"

"తొంబై ఆరు. ఎందుకే?"

"రేపు సభకు వస్తావా? ఈ దబర తీసుకుని?"

మద్దమ్మవ్వ దబర మీద చెయ్యి వేసింది. "టిఫిన్ పెడతారంట గదా. వస్తాలే," అంది.

మరునాడు పదింటికల్లా టెంటు నిండిపోయింది. నిండకేం చేస్తుంది? ఊరు సగం ఖాళీగా ఉందని వీరభద్ర పక్క ఊళ్ల నుంచి రెండు ట్రాక్టర్ల జనాన్ని తోలించాడు. వలస పోని ఊరని పండగ చేసుకోవడానికి ఊళ్లో మనుషులు చాలక అరువు తెచ్చుకోవలసి వచ్చిందన్నమాట! సబ్ కలెక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవేమో, చేతికి గడియారం తప్ప నగ లేదు. దండ వేయబోతే చేత్తో తీసుకుని బల్ల మీద పెట్టింది. వీరభద్ర అరగంట మాట్లాడాడు. ఆ తర్వాత, "ఇప్పుడు మన మహిళల తరఫున రమణి," అని పిలిచాడు.

రమణి లేచింది. వారం రోజులుగా ఎదురుచూసిన మైకు చేతికొచ్చింది. దాని బరువు ఆమె అనుకున్నంత లేదు. కాగితం విప్పి మొదలుపెట్టింది.

"సభకు నమస్కారం. వలసల ఊరని పేరుబడ్డ మా బూదిగుట్ట నేడు..."

ఆగింది. ముందు వరసలో చిన్న ఈరన్న పెదవులు కదులుతున్నాయి, మిగతా వాక్యాన్ని అతను లోపల పూర్తి చేస్తున్నాడు. రమణి కాగితాన్ని మడిచి మళ్లీ రవికెలో పెట్టుకుంది.

"మేడమ్, కాగితం ఇంతవరకే. ఇంగ మాట్లాడేది నేను."

రమణి చెయ్యి చాపి ముందు వరసను చూపించింది.

"రేపు పొద్దున మేము గుంటూరు పక్కకు పోతాండాం, పత్తి తీసేదానికి, మిరపకాయలు కోసేదానికి. నేను, మా ఆయన, ఈ ముందు కూర్చున్నోళ్లంతా. మా ఊరోళ్లు సగంమంది దసరాకే పోయినారు. ఎనక కూర్చున్నోళ్లు మా ఊరోళ్లు కాదు మేడమ్, ట్రాక్టర్లలో వచ్చినారు."

"అవునమ్మో! ఉప్మా పెడతామని తోలుకొచ్చినారు!" అని వెనక నుంచి ఎవరో కేక పెట్టారు. టెంటంతా గొల్లుమంది. వీరభద్ర సైగ చేశాడు, మైకు ఆగిపోయింది. పాపం, ఎవరి ముందు మైకు ఆపిస్తున్నాడో అతను మర్చిపోయాడు. రమణి దాన్ని బల్ల మీద పెట్టి, మైకులో కంటే గట్టిగా, "అవ్వా, రా!" అని పిలిచింది.

శివజ్యోతి చెయ్యి పట్టుకుని మద్దమ్మవ్వ నడిచొచ్చింది. దబరను బల్ల మీద బోర్లించింది. సత్తు దబర, ఇనుప చెవులు, ఆ గలగల చప్పుడు టెంటు చివరిదాకా వినిపించింది. దండల మీద, నీళ్ల సీసాల మధ్య, తొంబై ఆరు బీగంచెవులు కుప్పగా పడ్డాయి.

"ఇవన్నీ మూసిన ఇండ్లు మేడమ్," అంది రమణి.

"ఉత్త తుప్పు బీగంచెవులు మేడమ్, పాతవి," అన్నాడు వీరభద్ర.

సబ్ కలెక్టరమ్మ ఇద్దరినీ చూసింది. కుప్పలోంచి ఆకుపచ్చ పీలిక ఉన్న చెవిని తీసి అవ్వ చేతిలో పెట్టి, "ఇది ఎవరిదమ్మా?" అని అడిగింది.

అవ్వ పీలికను నలిపింది. "శాంతయ్యది. సుంకులమ్మ గుడి సందులో మూడో ఇల్లు."

"పదండి."

ఇంకేముంది! ముందు ఆఫీసరమ్మ, పక్కన అవ్వ, వెనక ఊరు, దాని వెనక ఉప్మా కోసం వచ్చిన రెండు ట్రాక్టర్ల జనం. కుర్చీలు పడిపోతున్నాయి, కుక్కలు మొరుగుతున్నాయి, సందులో చోటు చాలక పిల్లలు గోడలెక్కారు. దారిలో ఒక తలుపుకు బీగం, పక్క తలుపుకు బీగం, ఎదురు తలుపుకు బీగం. రోజూ చూసేవే. ఇంతమందితో కలిసి చూస్తే రమణికే కొత్తగా, భయంగా అనిపించాయి.

చెవి తిరిగింది. తలుపు తెరుచుకుంది. లోపల బోర్లించిన కుండలు, చుట్టిన చాప, దులపని దుమ్ము. గోడకు మేకు, మేకుకు బడిసంచి. సబ్ కలెక్టరమ్మ సంచిని తీసి చూసింది. ఆరో తరగతి పుస్తకాలు. నోటుబుక్కులో చివరి పాఠం అక్టోబరు మొదటి వారంలో ఆగిపోయింది.

"ఈ పాప ఎక్కడుంది?"

"వాళ్లమ్మతో పోయింది మేడమ్," అన్నాడు జ్ఞానరాజు సార్. "హాస్టల్ తెరవలేదు గదా."

ఆమె సంచిని మళ్లీ మేకుకే తగిలించింది. తలుపు వేసి, చెవి అవ్వకిచ్చి, నేరుగా టెంటుకు నడిచింది. కూర్చుని, తీర్మానాల పుస్తకం తెరిపించి, అప్పుడు అంది.

"హాస్టల్ ఇవ్వాలంటే ఇక్కడ వలస కుటుంబాలు ఉన్నాయని గ్రామసభ చెప్పాలి. లేవని చెప్పింది మీరే, నేను కొట్టేయలేను. మీరే లేచి, పేరు చెప్పి, సంతకం పెట్టాలి. ఉపాధి ప్రయాణం అని రాస్తే హాస్టల్ రాదు. నిబంధనలో ఉన్న మాట వలస." పుస్తకాన్ని ముందుకు జరుపుకుని, "ఈ మాట రాస్తే నాకు పైనుంచి ఫోన్ వస్తుంది. రానివ్వండి," అంది.

కలం మూత తీసి కూర్చుంది. ఎవరూ లేవలేదు.

అంతసేపూ కేకలు పెట్టిన ఊరు తల వంచుకుంది. పక్క ఊళ్ల జనం చూస్తున్నారు. ఆ జనంలో వియ్యంకులున్నారు, రేపు సంబంధం కలుపుకోవలసినవాళ్లున్నారు. వాళ్ల ముందు లేచి, అవును మేము వలసోళ్లం అని చెప్పాలి. మూడు నెలల కింద ఇంటింటికీ తిరిగి, ఆ మాట అనొద్దని చెప్పింది రమణే కదా. అందరూ ఇప్పుడు ఆమె వైపే చూస్తున్నారు.

దబర బోర్లించినప్పుడు లేని భయం ఇప్పుడు రమణిని పట్టుకుంది. శివజ్యోతి అవ్వ పక్కన నిలబడి ఉంది. అమ్మనే చూస్తోంది.

"రాసుకోండి మేడమ్," అంది రమణి. "రమణి. మొగుడు చిన్న ఈరన్న. కూతురు శివజ్యోతి, పదో తరగతి." ఇంకొక్క మాట ఉంది. అది నాలుక దాటడానికి చాలా సేపు పట్టింది. "వలస."

ఆమె గొంతు ఆ ఊళ్లో అంత చిన్నగా ఎవరూ వినలేదు.

ముందు వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. చిన్న ఈరన్న లేచి, తువ్వాలు భుజం మీద సర్దుకుని, ఆగిపోయిన మైకును అందుకున్నాడు. అది పని చెయ్యడం లేదని అతనికి పట్టలేదు.

"నాదీ రాయండి మేడమ్. చిన్న ఈరన్న. వలస. ఆమె ఒకతే అన్నట్ల రాయొద్దండి."

మైకు పారిపోలేదు. రమణికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ తర్వాత మారెన్న లేచాడు, సుంకమ్మ లేచింది, ఆ పైన ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. సబ్ కలెక్టరమ్మ పేజీ తిప్పవలసి వచ్చింది. అవ్వ ఒక్కొక్క పీలికే నలుపుతూ ఊళ్లో లేనివాళ్ల పేర్లు చెప్పింది. చివరకు వీరభద్ర కూడా వచ్చి సాక్షి సంతకం పెట్టాడు. గులాబి గుడ్డ విప్పకుండానే బోర్డును ట్రాక్టరు ఎక్కించుకుని పోయాడు.

హాస్టల్ తెరిచింది చూశాకే కదులుతామని రమణి వాళ్లు లారీని నాలుగు రోజులు ఆపేశారు. లారీవాడు గొణిగినా ఎవరూ లెక్కచెయ్యలేదు. జ్ఞానరాజు సార్ ఫోన్లు చేస్తే గుంటూరు పక్క నుంచి పదకొండు మంది పిల్లలు తిరిగొచ్చారు. శాంతయ్య కూతురు బస్సు దిగి ముందు మద్దమ్మవ్వ దగ్గరికి, అక్కడి నుంచి మేకు మీది సంచి కోసం పరుగు తీసింది.

అయిదో రోజు తెల్లవారి లారీ కదలబోయే ముందు ఆడవాళ్లు వరసగా అరుగు దగ్గరికి వచ్చారు. అవ్వ ఒక్కొక్క చెవినే అందుకుని, పీలిక నలిపి, దబరలో వేస్తోంది. రమణి వంతు వచ్చింది. అవ్వ చాచిన చేతిలో ఏమీ పడలేదు.

"నీ బీగంచెవి యాడ?"

"ఈ తడవ నీకియ్యనవ్వా. నా బిడ్డ దగ్గర ఉండాది."

శివజ్యోతి చున్నీ కొసన కట్టుకున్న చెవిని అవ్వ వేళ్లకు తాకించింది. "ఆదివారం ఆదివారం వచ్చి వాకిలి ఊడ్చి, దీపం పెడతానవ్వా," అంది.

అవ్వ ఆ చెవిని కాసేపు తడిమి చూసింది. దానికి పీలిక లేదు. "అయితే మీ ఇల్లు మూసినట్టు కాదే," అంది.

లారీ ఎక్కాక రమణి వెనక్కి తిరిగి కూర్చుంది. పదహారేళ్లుగా సుగ్గికి పోతోంది. పోయేటప్పుడు ఏ సారీ ఊరి వైపు చూసేది కాదు. చూస్తే బీగం కనిపిస్తుందని. ఈసారి రోడ్డు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది. వాకిట్లో కూతురు నిలబడి ఉంది, ఆమె వెనక ఇంటి తలుపు తెరిచి ఉంది.